ఇంజన్లో పడ్డ నట్టు

మోటార్ సైకిల్ మెకానిక్ షెడ్డులో ఎప్పుడైనా ఓ పూట కూర్చుని చూశారా? ఇంటర్ సెలవుల్లో నేను చాలా పూటలు కూర్చున్నాను, షెడ్డు మా బాబాయిది కాబట్టి. అక్కడ సుత్తి దెబ్బలు, రేడియో పాటలు, బేరాలు, తిట్లు అన్నీ ఒకేసారి నడుస్తుండేవి. ఎవరూ దేనికీ తల తిప్పేవాళ్ళు కాదు. ఒక్క శబ్దానికి మాత్రం షెడ్డంతా గప్‌చుప్ అయిపోయేది. చేతిలోంచి జారిన చిన్న ఇనప ముక్క టిక్కు టిక్కుమంటూ ఇంజన్ లోపలికి దొర్లిపోయే శబ్దం అది.

ఎక్కువసార్లు అది సర్‌క్లిప్ అయ్యుండేది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను ఒకటుంటుంది. అది పక్కకి జరక్కుండా రెండు వైపులా స్ప్రింగు తీగతో చేసిన చిన్న రింగులు పెడతారు. నోస్ ప్లయర్‌తో ఆ రింగుని గాడిలోకి తోస్తున్నప్పుడు కాస్త పట్టు తప్పిందా, ఎగిరి ఎటో పోతుంది. ఆ "ఎటో" అన్నది ఖర్మకొద్దీ కింద నోరు తెరుచుకుని ఉన్న క్రాంక్ కేసే అవుతుంది.

"ఎవడూ కిక్కర్ ముట్టుకోకండ్రా." బాబాయి నోట్లోంచి ముందు వచ్చే మాట ఇది. ఇంజన్ ఒక్క చుట్టు తిరిగినా ఆ ముక్క ఎక్కడికి పోయి ఏం నలుపుతుందో చెప్పలేం. తరవాత టార్చి లైటు. తరవాత పొడుగాటి కడ్డీ చివర అయస్కాంతం. అది అందకపోతే తీగ కొసకి గ్రీజు ముద్ద. అదీ కుదరకపోతే బండిని పక్కకి వంచి, తలకిందులు చేసి, ఊపి, తట్టి చూడటం. ఇంకేం చేసినా రాకపోతే ఇంజన్ కిందకి దించి క్రాంక్ కేసుని రెండుగా విప్పడమే. రూపాయి కూడా చెయ్యని రింగు కోసం రెండు రోజుల పని.

అందుకే సిలిండర్ పైకి లాగగానే ఆయన చేసే మొదటి పని, క్రాంక్ కేసు నోట్లో ఓ శుభ్రమైన పాత గుడ్డ కుక్కడం. దానికో షరతు ఉండేది. గుడ్డ కొస ఒకటి బయటికి వేలాడుతూ కనిపించాలి. కొస లోపలికి తోసేసిన కుర్రాడికి ఆ పూట అక్షింతలే. "మూత పెట్టావో దొంగని పెట్టావో తెలియాలి కదరా" అనేవాడు. అప్పట్లో అదేదో చాదస్తం అనుకున్నాను. చాలా ఏళ్ళ తరవాత రాకెట్ల గురించి చదువుతుంటే ఈ గుడ్డ కొస మళ్ళీ ఎదురైంది. దాని సంగతి కాసేపట్లో.

లోపల పడ్డదాన్ని తియ్యాలంటే ముందు అది కంటికి కనబడాలి. ఈ విషయంలో మెకానిక్కులకి దారి చూపించింది డాక్టర్లు. 1806లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ బొజ్జిని అనే వైద్యుడు ఒక కొవ్వొత్తి, ఒక అద్దం, కొన్ని గొట్టాలు కలిపి మనిషి ఒంట్లోకి తొంగిచూసే పరికరం చేశాడు. తోటి డాక్టర్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1879లో మాక్సిమిలియన్ నిట్జె కటకాలు బిగించిన గొట్టంతో మూత్రాశయం లోపల చూడగలిగే సాధనం తెచ్చాడు. అలాంటి గొట్టాన్నే తరవాత ఫిరంగుల, తుపాకుల గొట్టాల లోపలి గోడలు చూడటానికి వాడారు. గొట్టం లోపలి రంధ్రాన్ని ఇంగ్లీషులో బోర్ అంటారు కాబట్టి దానికి బోర్‌స్కోప్ అన్న పేరు అక్కడే పుట్టింది.

ఈ గొట్టాలతో ఒకటే చిక్కు. తిన్నగా ఉన్నచోటే పనికొస్తాయి. ఇంజన్ లోపల తిన్నగా ఉండే దారి ఎక్కడుంటుంది? ఆ చిక్కు విప్పినవాళ్ళలో మనవాడు ఒకడున్నాడు. పంజాబ్‌లోని మోగాలో 1926లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్కిన్స్ దగ్గర పనిచేస్తూ, సన్నటి గాజు పోగుల్ని వేలకొద్దీ కట్టగా కట్టి, ఒక కొస దగ్గరి బొమ్మని రెండో కొస దగ్గర చూడొచ్చని నిరూపించాడు. కట్టని వంచినా బొమ్మ చెదరదు. 1954 జనవరిలో నేచర్ పత్రికలో ఆ ఇద్దరి వ్యాసం వచ్చింది. మూడేళ్ళకి అమెరికాలో బేసిల్ హిర్షోవిట్జ్ అనే డాక్టరు కడుపు లోపల చూసే వంగే గొట్టం చేయించి, ముందు తన గొంతులోకే దించుకున్నాడు. ఆ తరవాత అది విమానాల హ్యాంగర్లలోకీ చేరింది.

మనమంతా పొద్దున్న లేచిందగ్గర్నించీ బతుకుతున్నది ఆ గాజు పోగు మీదే కదా. పోగులో సమాచారం దూరాలు పంపొచ్చని చూపినందుకు చార్లెస్ కావోకి 2009లో నోబెల్ ఇచ్చారు. అది న్యాయమే. కపానీ పేరు కూడా పక్కన ఉండుంటే బావుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన 2020 డిసెంబరులో పోయారు. మన పేపర్లలో ఎంత జాగా ఇచ్చారో చూసినవాళ్ళకి తెలుసు.

జెట్ ఇంజన్లకి ఇది నిజంగా ప్రాణదానం. ఒక పెద్ద జెట్ ఇంజన్లో తిరిగే బ్లేడ్లు, నిలబడి ఉండే బ్లేడ్లు కలిపి వేలల్లో ఉంటాయి. వరసకీ వరసకీ మధ్య సందు చాలా తక్కువ. అందులో ఓ స్క్రూ పడితే మొత్తం విప్పి చూడటం అంటే ఇంజన్ దించి వర్క్‌షాపుకి పంపడమే. అందుకని ఇంజన్ డిజైన్ చేసేటప్పుడే కేసింగ్‌కి అక్కడక్కడా చిన్న బెజ్జాలు వదులుతారు, బిరడాలు బిగించి. బిరడా తీసి, కెమెరా ఉన్న తీగని పాములా లోపలికి పంపి, తెర మీద చూస్తూ ఎడమకీ కుడికీ తిప్పుకుంటారు. పడ్డ ముక్క కనబడితే అదే దారిలో సన్నటి చిమటానో, ఉచ్చులా బిగుసుకునే తీగనో పంపి లాగేస్తారు. బ్లేడు అంచు కాస్త చిట్లితే ఆ బెజ్జంలోంచే చిన్న సానరాయి పంపి, చిట్లిన చోటుని నున్నగా అరగదీస్తారు. కీహోల్ ఆపరేషన్ అన్నమాట. పైన ఉన్న ఆ బెజ్జం బిరడా చెయ్యిజారి లోపలే పడితే? నవ్వకండి, అందుకూ జాగ్రత్తలున్నాయి.

బాబాయి షెడ్డులో రాజ్యమేలిన అయస్కాంతం ఇక్కడ పెద్దగా పనికిరాదు. టైటానియం, అల్యూమినియం, చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి అంటుకోవు. గుడ్డా, నైలానూ సంగతి చెప్పక్కర్లేదు. ఈ నైలాన్ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన వెతుకులాట ఒకటి చెప్తాను. ఇంజన్ కాదు, అణు రియాక్టరు. కానీ సమస్య అచ్చం సర్‌క్లిప్ సమస్యే.

అమెరికాలో డెట్రాయిట్‌కి దక్షిణాన, ఈరీ సరస్సు ఒడ్డున ఫెర్మి-1 అనే రియాక్టరు ఉండేది. నీటికి బదులు కరిగిన సోడియంతో చల్లబరిచే రకం. 1966 అక్టోబరు 5న పవర్ పెంచుతుండగా రీడింగులు తేడాగా వచ్చాయి, రేడియేషన్ అలారాలు మోగాయి. రియాక్టరు ఆపేశారు. ఇంధనపు కట్టల్లో రెండు కొంతమేర కరిగిపోయాయని తరవాత తేలింది. సోడియం పారే దారికి ఏదో అడ్డుపడింది. ఏమిటది?

చూద్దామంటే సోడియం నీళ్ళలాంటిది కాదు, అద్దంలా మెరుస్తుంది తప్ప లోపలున్నది కనబడదు. మూత తీద్దామంటే గాలి తగిలితే మండుతుంది. లోపలికి మనిషి పోలేడు. కరిగిన ఇంధనం ఏ స్థితిలో ఉందో తెలియదు కాబట్టి కట్టల్ని కదపడానికి కూడా భయమే. నెలల తరబడి ఒక్కో కట్టనీ మెల్లగా తీస్తూ, సోడియం తోడేసి, దూరంనుంచి నడిపే సాధనాలతో అడుగుభాగం చూస్తే అక్కడ నలిగిన బీరు డబ్బాలాంటి రేకు ముక్క ఒకటి కనబడింది. కట్టేటప్పుడు పనివాళ్ళెవరైనా తాగి పడేశారేమో అని కూడా అనుకున్నారు! దాన్ని బయటికి తియ్యడానికి ప్రత్యేకంగా పొడుగాటి పనిముట్లు చేసుకోవాల్సొచ్చింది. చివరికి 1968లో బయటికొచ్చింది. ప్రమాదం జరిగిన ఏడాదిన్నర తరవాత.

అది బీరు డబ్బా కాదు, జిర్కోనియం రేకు. రియాక్టరు అడుగున ఒక శంకువు ఆకారపు దిమ్మ ఉండేది. ఎప్పుడైనా ఇంధనం కరిగి కిందకి కారితే అది ఒకేచోట పోగుపడకుండా చెదిరిపోవడానికి పెట్టిన ఏర్పాటు. ఆ దిమ్మకి రక్షణగా జిర్కోనియం రేకులు తొడిగారు, అదీ భద్రత కోసం చివర్లో చేర్చిన మార్పు. ఆ రేకుల్లో ఒకటి ఊడొచ్చి, సోడియం ప్రవాహంలో పైకి లేచి, దారి మూసేసింది. అంటే ఇంధనం కరిగితే కాపాడాలని పెట్టినదే ఇంధనాన్ని కరిగించింది. రియాక్టరు మళ్ళీ 1970లో మొదలైంది, 1972లో శాశ్వతంగా ఆగిపోయింది.

ఇదేదో ఒక్కచోట జరిగిన వింత అనుకునేవాణ్ణి, గుడ్డ కథ చదివేదాకా.

1990 ఫిబ్రవరి 22న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-4 రాకెట్టు లేచింది. రెండు జపాన్ ఉపగ్రహాలున్నాయి అందులో. మొదటి దశలో నాలుగు, పక్కన కట్టిన బూస్టర్లకి నాలుగు, మొత్తం ఎనిమిది వైకింగ్ ఇంజన్లు ఒకేసారి మండుతాయి. నేల వదిలిన కొద్ది సెకన్లకే ఒక ఇంజన్ బలం తగ్గింది. మిగతావి పక్కకి వంగి ఆ లోటు సర్దడానికి ప్రయత్నించాయి. ఎంతసేపని సర్దుతాయి? ఒకటిన్నర నిమిషం దాటాక రాకెట్టు ముక్కలైపోయింది.

వైకింగ్ ఇంజన్లో పంపులు తిప్పే వేడి గ్యాసుని కాస్త చల్లార్చడానికి అందులోకి నీళ్ళు చిమ్ముతారు. ఆ నీళ్ళ పైపులో గుడ్డముక్క ఉందని విచారణలో తేలింది. పని జరిగేటప్పుడు లోపల ఉండిపోయిన మామూలు గుడ్డ.

ఈ ఇంజన్ మనకి పరాయిది కాదు. 1974లో ఫ్రాన్సుతో కుదిరిన ఒప్పందం మీద ఇస్రో ఇంజనీర్లు అక్కడికి వెళ్ళి పనిచేసి, వైకింగ్ విద్య నేర్చుకొచ్చి చేసిందే మన వికాస్ ఇంజన్. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్‌వీ రెండో దశలో ఉండేది అదే. ఎల్‌వీఎం-3 నడుముకి రెండు వికాస్‌లుంటాయి. షార్‌లో ప్రయోగం చూడటానికి వెళ్ళినప్పుడల్లా మనం పొగా మంటా చూసి చప్పట్లు కొట్టి వచ్చేస్తాం. లోపల గుడ్డ లేదని, నట్టు లేదని, బిరడా మిగల్లేదని అన్ని పైపులకీ సంతకం పెట్టినవాళ్ళ పేర్లు మనకి తెలియవు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఇలాంటివి మనకీ కొత్త కాదు. ఏదో సమస్య పట్టుకుందామని ప్రొడక్షన్ సర్వర్లో లాగింగ్ గట్టిగా ఆన్ చేస్తాం, సమస్య దొరుకుతుంది, లాగింగ్ అలాగే ఉండిపోతుంది. నెల తిరిగేసరికి డిస్కు నిండి సర్వర్ కూలబడుతుంది. దీనికి పెద్దన్న కావాలంటే నైట్ క్యాపిటల్ ఉంది. షేర్ల వ్యాపారం చేసే ఆ అమెరికన్ కంపెనీ ప్రోగ్రాంలో 2003 నుంచి వాడకం లేని పాత కోడ్ ఒకటి తీసెయ్యకుండా మిగిలిపోయింది. 2012 ఆగస్టు 1న కొత్త వెర్షన్ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కింది. ఎనిమిదో దాంట్లో ఆ పాత కోడ్ నిద్రలేచింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్ల పైచిలుకు గల్లంతు. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళని అడిగి చూడండి, డిలీట్ చెయ్యడానికి భయపడి వదిలేసిన కోడ్ ఎంతుందో.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, వెతికే పరికరాలు ఎంత బాగుపడినా అసలు సమస్య అక్కడ లేదు. ఏదో పడిందని తెలిస్తే ఎలాగోలా తీస్తారు, ఏడాదిన్నర పట్టినా సరే. పడిందన్న సంగతే తెలియకపోతే? లేదా తెలిసినవాడు చెప్పకపోతే?

మొదటి ప్రశ్నకి జవాబు చాలా మామూలుది, లెక్క. విమానాల వర్క్‌షాపుల్లో పనిముట్లు పెట్టే బోర్డు మీద ప్రతి స్పానర్ ఆకారం గీసి ఉంటుంది, లేకపోతే స్పాంజి అట్టలో సరిగ్గా ఆ ఆకారంలో గొయ్యి కోసి ఉంటుంది. పని అయ్యాక ఏదైనా లేకపోతే ఖాళీ ఆకారం మొహమ్మీద కొట్టినట్టు కనబడుతుంది. చదువు రానివాడికి కూడా తెలిసిపోతుంది. నా దృష్టిలో బోర్‌స్కోప్ కన్నా గొప్ప ఆవిష్కరణ ఇదే, ఖర్చు మాత్రం ఓ డబ్బా పెయింటు. యుద్ధవిమానాల నౌకల మీద సిబ్బంది భుజం భుజం కలిపి వరసగా డెక్కు మీద ఆ చివర్నించి ఈ చివరిదాకా నడుస్తూ కంటికి కనబడ్డ ప్రతి నట్టూ, ప్రతి పుల్లా ఏరుతారు. ఆపరేషన్ థియేటర్లో కుట్లు వేసేముందు నర్సు గుడ్డలూ కత్తెరలూ లెక్కపెడుతుంది. ఆ గుడ్డల్లో ఎక్స్‌రేలో కనబడే పోగు ఒకటి నేసి ఉంటుంది, లెక్క తప్పితే ఫొటో తీసి చూసుకోవడానికి. అయినా "కడుపులో కత్తెర" వార్త మన పేపర్లలో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు.

మన వృత్తిలో అందరూ చెప్పుకునే పురుగు కథ కూడా ఇదే. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్ రిలేలో చిమ్మట ఇరుక్కుంది. బగ్ అన్న మాట అప్పుడే పుట్టిందని చెప్పేస్తుంటారు, అది తప్పు. ఎడిసన్ కాలంలోనే ఇంజనీర్లు ఆ మాట వాడారు. నాకు నచ్చేది ఇంకోటి. వాళ్ళు ఆ చిమ్మటని తీసి అవతల పారెయ్యలేదు. ఏ రిలేలో, ఎన్నింటికి దొరికిందో రాసి, లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు. ఏది దొరికిందో, ఎక్కడ దొరికిందో రికార్డు. ఇవాళ విమానాశ్రయంలో రన్‌వే మీద బోల్టు దొరికినా చేసేది అదే.

రెండో ప్రశ్న, తెలిసినవాడు చెప్పడం, అది మాత్రం పెయింటుతో తీరేది కాదు.

1980 సెప్టెంబరు 18 సాయంత్రం. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో డెమాస్కస్ అనే పల్లె (సిరియాది కాదు). దాని దగ్గర నేలలో తవ్విన లోతైన గోతిలో టైటాన్-2 క్షిపణి, దాని నెత్తిన 9 మెగాటన్నుల అణ్వస్త్రం. మామూలు మెయింటెనెన్స్ కోసం ఇద్దరు కుర్రాళ్ళు రక్షణ సూట్లు వేసుకుని లోపలికెళ్ళారు. కొత్త నిబంధన ప్రకారం వాడాల్సింది టార్క్ రెంచి, అది పైన ట్రక్కులో ఉండిపోయింది. సూట్లు విప్పి, పైకెళ్ళి, తెచ్చుకుని, మళ్ళీ వేసుకోవాలంటే బోలెడంత ఆలస్యం. దగ్గర్లో ఉన్న మామూలు రాచెట్‌తో పని మొదలెట్టారు. నాలుగు కిలోల సాకెట్ ఊడి, ప్లాట్‌ఫారానికీ క్షిపణికీ మధ్యనున్న సందులోంచి దాదాపు 80 అడుగులు పడి, ఎగిరి ఇంధనం ట్యాంకుకి బెజ్జం పెట్టింది.

అది తియ్యగలిగే వస్తువు కాదు, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఇంకోటి ఆలోచించండి. గోతిలో తెల్లటి ఆవిరి, కంట్రోల్ రూములో ఒకదానికొకటి పొంతనలేని హెచ్చరిక దీపాలు. సాకెట్ జారిందన్న అసలు ముక్క పైవాళ్ళకి వెంటనే చేరలేదు. ఇరవై ఏళ్ళు దాటీ దాటని కుర్రాడు, అణ్వస్త్రం కింద నిలబడి, "నా చేతిలోంచి పడింది" అని ఫోనులో చెప్పాలి. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తెల్లవారుజామున 3 గంటలకి క్షిపణి పేలింది. 740 టన్నుల కాంక్రీటు తలుపు గాల్లోకి లేచిపోయింది. అణ్వస్త్రం దూరంగా గుంటలో పడింది, పేలలేదు. డేవిడ్ లివింగ్‌స్టన్ అనే యువకుడు చనిపోయాడు. ప్రమాదం ఎంతదాకా వచ్చిందో తెలుసుకోవడానికి ప్రాణాలకి తెగించి లోపలికెళ్ళిన జెఫ్ కెనెడీకి వైమానిక దళం ఇచ్చినవాటిలో ఒకటి, అనుమతి లేకుండా వెళ్ళావంటూ మందలింపు లేఖ. ఎరిక్ ష్లోసర్ దీనిమీద 2013లో పెద్ద పుస్తకం రాశాడు. రెండు రాత్రులు నిద్ర పట్టదు, చెప్తున్నా.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే కథ ఒకటి వెర్నర్ వాన్ బ్రాన్ గురించి చెప్తారు. రెడ్‌స్టోన్ క్షిపణి ఒకటి ప్రయోగంలో అదుపుతప్పింది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ఒక ఇంజనీరు తనే వచ్చి, ప్రయోగానికి ముందు ఒక కనెక్షన్ బిగిస్తుంటే స్క్రూడ్రైవర్ తగిలి నిప్పురవ్వ వచ్చిందని చెప్పాడు. పరీక్షిస్తే కారణం అదే. వాన్ బ్రాన్ ఆ ఇంజనీరుకి షాంపేన్ సీసా పంపాడు. వాన్ బ్రాన్ పాత చరిత్ర, నాజీల కోసం బందీలతో కట్టించిన రాకెట్లూ అవీ, మెచ్చుకోదగ్గవి కావు. కానీ ఈ ఒక్క లెక్క మాత్రం ఆయనకి సరిగ్గా తెలుసు. ఆ మాట దాచి ఉంటే క్షిపణి డిజైన్ మొత్తం తిరగతోడేవాళ్ళు. ఒక సీసాతో తేలిపోయింది. మన ఆఫీసుల్లో అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు పెట్టే మీటింగుల్లో షాంపేన్ సీసాలు కనబడవు, అప్రైజల్ ఫారాలు కనబడతాయి.

ఇదంతా పాత కాలం, ఇప్పుడు కంప్యూటర్లొచ్చాయి కదా అనుకుంటే ఈ మధ్యవే రెండు చెప్తాను. 2023 మార్చి 15న అరిజోనాలోని ల్యూక్ ఎయిర్‌బేస్‌లో ఎఫ్-35 యుద్ధవిమానం ఇంజన్ని నేలమీద నడిపి చూశారు. ఆపాక పనిముట్లు లెక్కపెడితే చేతి టార్చి లైటు లేదు. ఇంజన్ మింగేసింది. నష్టం దాదాపు 39 లక్షల డాలర్లు. స్టార్ట్ చేసేముందు పెట్టాల్సిన లెక్కని ఆపాక పెట్టారు. అడ్డం ఏమైనా ఉందేమో చూసుకోవడానికి పనికొచ్చే టార్చే అడ్డమైంది.

రెండోది క్వాంటాస్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ ఏ-380. 2023 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో దాన్ని మూడు రోజుల చెకప్‌కి పెట్టారు. ఎడమవైపు చివరి ఇంజన్‌కి బోర్‌స్కోప్ తనిఖీ చెయ్యాలి. కెమెరా ముందుకి ఒక్కో బ్లేడూ రావాలంటే కంప్రెసర్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఉండాలి, దానికో ప్రత్యేకమైన కడ్డీ ఉంటుంది. నైలాన్‌ది, పొడవు 1.25 మీటర్లు. తనిఖీ అయిపోయింది. లోపల పరాయి వస్తువులేమీ లేవని చూసుకున్నారు. కడ్డీ లోపలే ఉంది.

తిరిగి రావాల్సిన కడ్డీ రాలేదని విమానం కదలకముందే తెలిసింది. పనిముట్టు పోతే చెయ్యాల్సిన పద్ధతి కాగితం మీద ఉంది, అది మొదలుపెట్టకుండానే విమానానికి ఎగరొచ్చని సంతకం పడింది. ఆ తరవాత ఆ విమానం ప్రయాణికులతో 34 సార్లు ఎగిరింది, మొత్తం 294 గంటలు. 2024 జనవరి 1న లాస్ ఏంజెలెస్‌లోనే మరో చెకప్‌లో కడ్డీ బయటపడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ రిపోర్టు 2024 నవంబరులో వచ్చింది. పనిముట్ల లెక్క గురించి, పోయినప్పుడు పాటించాల్సిన పద్ధతి గురించి క్వాంటాస్ తన ఇంజనీరింగ్ సిబ్బంది అందరికీ మళ్ళీ ఓ ఆదేశం పంపించింది.